లేదనుకో మాస్టారు

హ్యాంగ్‌సన్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే బోంగ్ తేసిక్ గారికి పిల్లలు పెట్టిన పేరు లేదనుకో మాస్టారు. ఏ బ్యాచ్ వాళ్ళు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు ఆయన దగ్గర చదువుతున్న పిల్లల నాన్నలు కూడా ఆ పేరుతోనే పిలిచేవారు కాబట్టి అది ఊరి ఉమ్మడి ఆస్తి అయిపోయింది. ఏ లెక్క మొదలుపెట్టినా ఆయన బోర్డుకేసి తిరిగి, "ఘర్షణ లేదనుకో, గాలి అడ్డు లేదనుకో, తాడుకి బరువు లేదనుకో," అని మంత్రం చదివినట్టు చదివేవారు. ఇన్ని లేవనుకున్నాక మిగిలేది ఒక పెట్టె, ఒక వాలు. ఇక ఆ పెట్టెని జార్చడానికి మహామేధావి అక్కర్లేదు.

చెప్పిందే చేసే గురువులు అరుదు. తేసిక్ గారు ఆ అరుదైన వాళ్ళలో ఒకరు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ఆయన ఈ ఊరికి రెండేళ్ళ కోసం వచ్చారు. ఆ తర్వాత రాజధాని సోల్ వెళ్ళి పైచదువు చదవాలని, నీళ్ళలో సుడులు ఎందుకు పడతాయో తేల్చాలని ఆయన ఆశ. అప్పటి హెడ్మాస్టరు, "ఈ ఒక్క ఏడాదీ ఉండండి బోంగ్ గారూ," అన్నాడు. ఉన్నారు. మరుసటేడు ఇంకొకరెవరో అదే మాట అన్నారు. ఉన్నారు. ఆటల మాస్టారు కాలు విరగ్గొట్టుకుంటే ఆటలు ఆడించారు. సంగీతం టీచరు పురిటికి వెళ్తే పాడే పిల్లల ముందు నిలబడి చేతులు ఊపారు. ఆయన డ్రాయర్లో పేరు చెక్కిన చెక్క ముద్ర ఒకటుండేది. ఎవరు ఏ కాగితం తెచ్చినా దాన్ని ఎర్ర సిరాలో అద్ది, చదవకుండా కొట్టేవారు. "మిమ్మల్ని చిటికెన వేలితో తోస్తే చాలండీ, ఎదురు గోడ దాకా పోతారు," అనేది ఆయన భార్య. ఆవిడ ఫిజిక్స్ చదువుకోలేదు గానీ, న్యూటన్ మొదటి సూత్రం కాపురంలోనే పట్టుబడింది.

ఇక ఆ ఏడాది జరిగిన సంగతి.

రెండో సంవత్సరానికి వచ్చేసరికి పిల్లలు సైన్సు సబ్జెక్టులు తామే ఎంచుకోవాలి. ఎంచుకోవడం అంటే ఇష్టాన్ని బట్టి అనుకునే అమాయకులు మా దేశంలో ఇంకా పుట్టలేదు. నీకెన్ని మార్కులొచ్చాయి అని ఇక్కడ ఎవరూ అడగరు. నీ కింద ఎంతమంది ఉన్నారు అని అడుగుతారు. పైనుంచి నూటికి నలుగురికి ఒకటో గ్రేడు, అడుగునుంచి నూటికి నలుగురికి తొమ్మిదో గ్రేడు. ఒకటో గ్రేడు లేనివాడి మొహం మెడికల్ కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చూడడు. అందుకని పిల్లలు జనం ఎక్కువున్న చోటికి, అంటే బయాలజీకి, గొర్రెల్లా పరిగెడతారు. మందలో ఉంటే కింద నలుగురు దొరక్కపోతారా అని ధైర్యం. ఫిజిక్స్‌కి మాత్రం అది తప్పితే గతిలేని వాళ్ళే మిగిలేవారు. ఆ ఏడాది పన్నెండు మంది మిగిలారు.

పన్నెండు మందిలో నూటికి నలుగురంటే సున్నా పాయింట్ నాలుగు ఎనిమిది మనిషి. మనిషిని కొలిచి కోసే సదుపాయం ఇంకా రాలేదు కాబట్టి దగ్గరి అంకెకి సరిపెడతారు. సగం కన్నా తక్కువ గనక సున్నా. అంటే ఫిజిక్స్‌ని కనిపెట్టినవాడే వచ్చి ఆ క్లాసులో కూర్చున్నా ఒకటో గ్రేడు రాదు. అదే పదమూడు మందైతే సున్నా పాయింట్ అయిదు రెండు. సగం దాటింది గనక ఒకటి. ఊళ్ళో పెద్దలు ఎక్కాలు మర్చిపోయి ఏళ్ళయింది గానీ, ఈ ఒక్క లెక్క మాత్రం సంతలో ముల్లంగి అమ్మే ముసలమ్మకి కూడా నోటికొచ్చు.

ఫిబ్రవరి చివర్లో గన్‌హో అమ్మ స్టాఫ్ రూముకి వచ్చింది. సోక్ గన్‌హో స్కూలు మొత్తానికి మొదటివాడు. ఆవిడ తల్లుల సంఘానికి అధ్యక్షురాలు. ఈ రెండిట్లో ఏది దేనివల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేదు.

"సార్, మావాడికి ఫిజిక్స్ అంటే ప్రాణం," అంది కుర్చీ అంచున కూర్చుని.

"చాలా సంతోషమండీ గన్‌హో అమ్మగారూ."

"కానీ పన్నెండు మందేనట కదా! అయితే ఆ ప్రాణాన్ని బయాలజీకి మార్చుకుంటాం. మిగతా తల్లులదీ ఇదే మాట. మీరు పదమూడో మనిషిని చూడండి. బాగా చదివేవాళ్ళు మాత్రం వద్దు సార్. బాగా చదివేవాళ్ళు మా దగ్గరే బోలెడు ఉన్నారు."

ఆవిడ వెళ్ళాక హెడ్మాస్టరు యొమ్ గారు మాస్టార్ని పిలిపించి బార్లీ టీ పోశారు. యొమ్ గారు చేత్తో టీ పోశారంటే ఎవరి కొంపో ముంచుతున్నారని స్టాఫ్ అందరికీ తెలుసు.

"చూడండి బోంగ్ గారూ, మీరు రిటైరవడానికి ఇంకా రెండేళ్ళు. ఫిజిక్స్ క్లాసు పోయిందనుకోండి, మీకు నేనేం పని చూపించను? పిల్లలు కూర్చుని చదువుకునే హాల్లో కాపలా తప్ప ఇంకేం లేదు. పదమూడో వాణ్ణి తెచ్చుకోండి. మీ క్లాసు మీకుంటుంది."

మాస్టారికి భయం వేసింది. ఆయనకి ఇల్లు, భార్య, నడుం నొప్పి కాకుండా ఉన్నది ఆ క్లాసు ఒక్కటే. సోల్ పోయింది, సుడులు పోయాయి, ఉన్న జుట్టు పోయింది. సుద్దముక్క పట్టుకుని పెట్టెని వాలు మీద జార్చే నలభై నిమిషాలు మాత్రం ఎవరూ పట్టుకుపోలేదు. అది కూడా పోతే హాల్లో కుర్చీ వేసుకుని, తల వాల్చిన పిల్లల వీపుల మీద తట్టుకుంటూ రెండేళ్ళు గడపాలి.

ఆయన క్లాస్ టీచరుగా ఉన్న మూడో సెక్షన్లో ఓక్ దాన్‌బి అనే అమ్మాయి ఉండేది. ఊరంతా పెర్సిమన్ పళ్ళు ఒలిచి ఎండబెట్టుకుని బతుకుతుంది. ఆ పళ్ళ పెట్టెల్ని కొండ మీది తోటల నుంచి కిందికి దించే లారీ వాళ్ళ నాన్నది. తెల్లారకముందే తండ్రితో లోడు ఎత్తి, స్కూలుకొచ్చి ఆ పిల్ల శుభ్రంగా నిద్రపోయేది. మాస్టారు వెళ్ళి బల్ల మీద వేలితో తట్టారు.

"దాన్‌బీ, ఫిజిక్స్ తీసుకుంటావా అమ్మా?"

ఆ పిల్ల తలెత్తింది. చెంప మీద నోటుపుస్తకం తీగ చుట్టలు అచ్చుపడి ఉన్నాయి. "నేనా సార్? నాకు ఫిజిక్స్ రాదు."

"రాకపోతే ఏమైంది?"

"అస్సలు రాదు సార్. లెక్కలు నన్ను చూస్తే అటునుంచి అటే పోతాయి."

"అదేనమ్మా... అంటే... అలాంటివాళ్ళే కావాలి."

దాన్‌బి ఒక క్షణం ఆయన మొహంలోకి చూసింది. ఒకటో నంబరు వాడు సుఖంగా కూర్చోడానికి అడుగున పరుచుకునే మనిషిని ఇక్కడి పిల్లలు చాప అంటారు. చాప వేసిపెట్టడం అంటారు.

"ఓ! చాపా సార్?"

"ఛ ఛ, అదేం మాటమ్మా! అలాంటిదేం లేదనుకో."

"కిటికీ పక్క సీటు ఇస్తారా?"

"ఇస్తాను."

"నిద్రపోతే లేపకూడదు."

"లేపను."

"అయితే సరే సార్," అని ఫారం తోసింది. మాస్టారు ముద్ర తీసి కొట్టారు. అది కాస్త వంకరగా పడింది. ఇన్నేళ్ళలో ఎంతోమంది పిల్లల్ని పైకి రమ్మని చెప్పారు గానీ, నువ్వు అడుగునే ఉండు తల్లీ అని ఎవర్నీ అడగలేదు. సిగ్గుపడ్డారు. సిగ్గుపడి ఊరుకున్నారు, అది ఆయనకి అలవాటే.

ఆ తర్వాత జరిగిన వైభవం చూడాలి. అప్పటిదాకా దాన్‌బి స్కూలుకొచ్చిందో లేదో ఆమె పక్క సీటు పిల్లకి కూడా తెలిసేది కాదు. ఇప్పుడు ఆ పిల్ల తుమ్మితే పన్నెండు ఇళ్ళలో జలుబు చేసేది. చాప చిరిగితే, అంటే ఆ పిల్ల మానేస్తే, లెక్క మళ్ళీ పన్నెండుకి పడిపోతుంది. ఏప్రిల్లో ఆమెకి నిజంగానే జ్వరం వచ్చింది. ముగ్గురు తల్లులు మూడు గిన్నెలతో సముద్రపు గుల్లలు వేసి కాచిన జావ పట్టుకుని లారీ షెడ్డు ముందు ఎదురుపడ్డారు. ఒకర్నొకరు చూసి, "దారిలోనే కదా అని వచ్చానండీ," అనుకున్నారు. ఆ షెడ్డు ఎవరి దారిలోనూ లేదు. స్కూలు గేటు బయట త్తోక్‌పోక్కి బండి దగ్గర దాన్‌బి నిలబడితే చాలు, వెనకనుంచి ఎవరో ఒకరు, "అక్కా, ఆ కారం బియ్యప్పిండి ముక్కలు ఇంకో ప్లేటు! ఉడికిన గుడ్డు కూడా వెయ్యి!" అని అరిచేవారు. సాక్షాత్తు గన్‌హోయే ఆమె బ్యాగు మోశాడు. వాడు జన్మలో తన బ్యాగు కూడా మోయలేదు, వాళ్ళమ్మ మోసేది.

సుంగ్జే అని ఒక కుర్రాడు మాత్రం లోపల్లోపల కుమిలిపోయేవాడు. వాడు పన్నెండో నంబరు. దాన్‌బి ఎప్పుడైనా పొరపాటున నాలుగు ముక్కలు నేర్చుకుంటే ఆ తొమ్మిదో గ్రేడు తన నెత్తిన పడుతుంది. అందుకని వాడు వారానికి రెండు బొమ్మల కథల పుస్తకాలు తెచ్చి, "చదువు దాన్‌బీ, చాలా బాగుంటాయి. క్లాసులోనే చదువుకో, ఏం పర్లేదు," అని ఇచ్చేవాడు.

ఇంత ఆదరణలో ఎవరికైనా నిద్ర పడుతుందా? దాన్‌బికి మెలకువ వచ్చేసింది. ఏప్రిల్ చివరి వారంలో ఒకరోజు మాస్టారు బోర్డు మీద వాలు గీసి, "ఘర్షణ లేదనుకో," అంటుండగా కిటికీ పక్కనుంచి చెయ్యి లేచింది. పన్నెండు తలలు ఒక్కసారి తిరిగాయి.

"సార్, ఘర్షణ లేకపోతే ఆ పెట్టెని అక్కడ పెట్టినవాడు వాలు ఎలా ఎక్కాడు సార్?"

"ఏమిటమ్మా?"

"కాలు జారుతుంది కదా. వాడు కిందే పడి ఉండాలి. పెట్టె పైకెలా వెళ్ళింది?"

క్లాసు గొల్లుమంది. గన్‌హో నవ్వలేదు, వాచీ చూసుకున్నాడు. మాస్టారి చేతిలో సుద్ద ఆగిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ పెట్టెని ఆయన ఎన్ని వేలసార్లో జార్చారు. దాన్ని పైకి ఎవరు మోశారని ఒక్క పిల్ల అడగలేదు, ఆయనా అడుక్కోలేదు.

"అది... పరీక్షలో రాదమ్మా," అన్నారు. అన్న వెంటనే నాలుక కరుచుకున్నారు.

మే మొదట్లో సగం టర్ము పరీక్ష. ఈ పరీక్షకి పేపరు తయారుచెయ్యడం ఫిజిక్స్ కాదు, కసాయి పని. ఇద్దరికి ఒకే మార్కులొస్తే గ్రేడులు తలకిందులవుతాయి గనక, ఒక ప్రశ్నకి మూడు పాయింట్ ఏడు, ఇంకోదానికి నాలుగు పాయింట్ మూడు అని ఎముకల దగ్గర కొట్టినట్టు మార్కులు కొట్టాలి. ఆ కొట్టడంలో పడి మాస్టారు చివరి ప్రశ్నలో తన మంత్రం అచ్చువెయ్యడం మర్చిపోయారు. ముప్ఫై డిగ్రీల చెక్క వాలు మీద పెట్టెని వదిలితే రెండు సెకన్లలో ఎంత దూరం జారుతుంది, అని మాత్రమే ఉంది. ఘర్షణ లేదనుకో అన్న ముక్క లేదు.

పన్నెండు మందీ పది మీటర్లు అని రాశారు. కోచింగ్ సెంటర్లలో రోజుకి యాభై లెక్కలు చేసిన చేతులవి. ప్రశ్నలో లేని మాట కూడా వాళ్ళ కళ్ళకి కనిపించింది. దాన్‌బి మాత్రం ఇలా రాసింది: "చెప్పలేం. చెక్క తడిగా ఉంటే జారుతుంది. గోనె పరిస్తే కదలదు. మా నాన్న గోనె పరుస్తాడు. ఇక్కడ ఏది పరిచారో రాయలేదు."

మాస్టారు ఆ కాగితాన్ని ప్రశ్నాపత్రం పక్కన పెట్టి చూసుకున్నారు. ఆయన వేసిన ప్రశ్నకి అదొక్కటే సరైన జవాబు. ఆయనకి కలిగింది సంతోషమో భయమో తెలియలేదు. భయమే ముందు నిజమైంది. సంగతి తల్లులకి తెలిసిపోయి, మరునాడు పొద్దున్నే హెడ్మాస్టరు గదిలో మీటింగు. యొమ్ గారు మళ్ళీ బార్లీ టీ పోశారు.

"ఇందులో గొడవేముంది బోంగ్ గారూ? పన్నెండు మందిదీ రైటు. ఆ పిల్లదీ రైటు. అందరికీ మార్కులు వేసెయ్యండి. ఎవరికీ నష్టం లేదు."

"రెండూ ఎలా రైటవుతాయి సార్? పది మీటర్లూ రైటే, చెప్పలేమూ రైటే అంటే..."

"అంటే తల్లులు ఇళ్ళకి వెళ్తారు. లేదంటే ఇక్కడికొస్తారు. మీ ఇష్టం."

మాస్టారు మార్కుల కాగితం మీద ముద్ర కొట్టారు. ఆ సాయంత్రం దాన్‌బి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది.

"సార్, నాది రైటా తప్పా?"

"రైటేనమ్మా. అందరిదీ రైటే."

"అందరిదీ ఎలా సార్? ఒకటి రైటైతే రెండోది తప్పు కదా."

"నీకు నాలుగు పాయింట్ ఏడు మార్కులు వచ్చాయిగా!"

"నేను మార్కులు అడగలేదు సార్," అంది. కోపంగా అనలేదు. జేబులోంచి ఒక అరిగిపోయిన నల్లటి ముక్క తీసి బల్ల మీద పెట్టింది. లారీ బ్రేకుది. "ఇది మా నాన్న ఏడాదికోసారి మారుస్తాడు. ఇది రాసుకుని రాసుకుని అరిగితేనే మా నాన్న కొండ దిగి ఇంటికొస్తాడు. మీరేమో రోజూ ఇది లేదనుకోమంటారు."

మాస్టారు ఆ ముక్కని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. వేళ్ళకి నల్లగా అంటుకుంది. "కూర్చోమ్మా," అన్నారు. అడుగు డ్రాయర్లోంచి పాత నోటుపుస్తకం తీశారు. సోల్ వెళ్ళాలనుకున్న రోజుల్లో రాసుకున్నది. దుమ్ము దులిపి, ఏ పరీక్షలోనూ రాని పేజీ తెరిచి, గోనె పరిస్తే పెట్టె ఎందుకు ఆగుతుందో మొదలుపెట్టారు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం భోజనాల గంటలో ఇదే తంతు. దాన్‌బి సముద్రపు నాచులో అన్నం చుట్టిన గింబాప్ నముల్తూ అడిగేది, మాస్టారు తన గింబాప్ మర్చిపోయి చెప్పేవారు. ఇంటికెళ్ళి భార్యతో ఘర్షణ గురించి అరగంట మాట్లాడారు. "ఇన్నాళ్ళకి మీకూ కాస్త పట్టు దొరికిందన్నమాట," అందావిడ, క్యాబేజీ ఊరగాయ కిమ్చీ కోస్తూ.

జూన్ చివర్లో వానలు మొదలయ్యాయి. ఒక బుధవారం దాన్‌బి ఒక ఫారం తెచ్చింది. తేగూ నగరంలో మోటారు విద్య నేర్పే ఒక టెక్నికల్ స్కూల్లో రెండో సంవత్సరంలో రెండు సీట్లు ఖాళీ ఉన్నాయి. బ్రేకుల సెక్షను. తండ్రి సంతకం చేశాడు. ఇక కావాల్సింది క్లాస్ టీచరు ముద్ర. శుక్రవారం సాయంత్రం అయిదింటికి గడువు.

చివరి పరీక్ష సోమవారం.

పిల్ల శుక్రవారం వెళ్ళిపోతే సోమవారానికి క్లాసులో పన్నెండు మంది. పన్నెండు మందైతే సున్నా. చాప కింద నీరు పాకడం అందరూ విన్నదే. చాపే లేచి నడిచేసరికి దాని మీద కూర్చున్న వాళ్ళు ఏమవుతారో హ్యాంగ్‌సన్ ఊరు ఆ రెండు రోజుల్లో చూసింది. గన్‌హో ఆమె బ్యాగు ముందు నిలబడి జీవితంలో మొదటిసారి బతిమాలాడు. సుంగ్జే పదిహేను పుస్తకాల సెట్టు మొత్తం ఇస్తానన్నాడు. ఆ వెధవకి చాప లేచిపోతే క్లాసులో అందరికన్నా అడుగున తానే అని తెలుసు. ఒక తల్లి లారీ షెడ్డుకి వెళ్ళి దాన్‌బి నాన్నతో, "మీ అమ్మాయి లేకపోతే మా పిల్లల భవిష్యత్తు ఏం కానండీ?" అని కళ్ళు తుడుచుకుంది. ఆయన లారీ కిందనుంచి తల బయటపెట్టి, "మా అమ్మాయికీ అదొకటి ఉందటండీ," అని మళ్ళీ లోపలికి పోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి హెడ్మాస్టరు, గన్‌హో అమ్మ కలిసి స్టాఫ్ రూముకే వచ్చారు. యొమ్ గారు ఈసారి టీ ఫ్లాస్కు చేత్తో పట్టుకునే వచ్చారు. దాన్‌బి గొడుగు పట్టుకుని గుమ్మం బయట వరండాలో నిలబడి ఉంది. బస్సు నాలుగింటికి.

"సార్, మిమ్మల్ని వద్దనమనడం లేదు," అంది గన్‌హో అమ్మ మెత్తగా. "మూడే మూడు రోజులు. సోమవారం పరీక్ష అయ్యాక మీ చేత్తోనే కొట్టండి."

"అప్పటికి గడువు అయిపోతుంది కదండీ."

"వచ్చే ఏడు మళ్ళీ రాదా ఏం? చిన్నపిల్ల. మావాడికైతే ఇదే ఏడు."

"ఆ పిల్లకి ఫిజిక్స్ కావాలండీ. మా క్లాసులో అది కావాల్సింది ఆ పిల్లకొక్కదానికే."

"ఫిజిక్స్ కావాలంటే ఫిజిక్స్ క్లాసులో ఉండొచ్చు కదా సార్!" అందావిడ. ఆ మాటలో తప్పెక్కడుందో చెప్పడం ఎవరి వల్ల అవుతుంది?

యొమ్ గారు ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, వంగి చెవిలో చెప్పినట్టు అన్నారు: "బోంగ్ గారూ, తెలివిగా ఆలోచించండి. మీ మాట అటుంచండి, ఈ ఏడాది ఒకటో గ్రేడు రాలేదనుకోండి, వచ్చే ఏడు ఫిజిక్స్‌కి ఒక్కడు చేరడు. క్లాసు ఉండదు. మీరు హాల్లో కూర్చోవాలి. ఎందుకొచ్చిన గొడవ! ముద్ర ఇంట్లో మర్చిపోయానని చెప్పండి. ఒక్క సాయంత్రం, ముద్ర లేదనుకోండి!"

యొమ్ గారు తెలిసే అన్నారో తెలియక అన్నారో గానీ, ఆ మాటకి మాస్టారు తలెత్తారు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆయన నోటెంట వచ్చిన మాట అది. ఇంకొకరి నోట్లోంచి వింటే ఇంత చండాలంగా ఉంటుందని ఆయనకి తెలియదు. తాడుకి బరువు లేదనుకున్నారు. సోల్ లేదనుకున్నారు. ఆ పిల్లని అడుగున పరుచుకుని అలాంటిదేం లేదనుకోమన్నారు. జవాబు రాస్తే ఆ జవాబు లేదనుకున్నారు. ఇంకా ఏం మిగిలిందని లేదనుకోవాలి?

డ్రాయరు లాగారు. వానాకాలపు చెమ్మకి చెక్క ఉబ్బి అది సగంలో పట్టేసింది. బలంగా గుంజారు. కీచుమని అరిచి వచ్చింది.

"బోంగ్ గారూ," అన్నారు హెడ్మాస్టరు.

"బోంగ్ సార్!" అంది గన్‌హో అమ్మ, మెత్తదనం పోయి.

మాస్టారు ఫారాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. ఆ ఉద్యోగంలో ఆయన పూర్తిగా చదివిన మొదటి కాగితం అదే. ముద్రని ఎర్ర సిరాలో అద్ది, కాగితం మీద పెట్టి, అరచెయ్యి మొత్తం ఆనించి నొక్కారు. ఈసారి నిటారుగా పడింది.

గన్‌హో అమ్మ బయటికి నడిచింది. తడి వరండాలో ఎత్తు మడమల చెప్పులు జారి, పడబోయి గోడ పట్టుకుంది. యొమ్ గారు ఫ్లాస్కు తీసుకుని, మూత బిగించి, ఆవిడ వెనకే వెళ్ళారు. టీ ఎవరికీ పొయ్యలేదు.

దాన్‌బి లోపలికొచ్చింది. ఫారాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. బయటినుంచి అంతా వినే ఉంటుంది, చెవులు ఎర్రగా ఉన్నాయి.

"సార్," అంది, గొడుగు ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చుకుంటూ. "మరి మీ క్లాసు?"

మాస్టారు ముద్రకి అంటిన సిరాని రుమాలుతో మెల్లగా తుడిచారు. కిటికీలోంచి స్కూలు వాలు మీద వాననీళ్ళు కిందికి పోవడం కనిపిస్తోంది. కిందికి పోతూ పోతూ గేటు దగ్గర రాయి అడ్డం తగిలి సుడి తిరుగుతున్నాయి.

"లేదనుకో," అన్నారు. "పరిగెత్తమ్మా, బస్సు వెళ్ళిపోతుంది. నేల తడిగా ఉంది, చూసుకుని."